ఏడో నంబరు రైతు అభ్యంతరం

అరవైల చివర్లో, విజయనగరంలో బి.ఏ. చదువుతున్న రోజుల్లో, నేను ఒక పరిశోధన పత్రికకు సంపాదకుణ్ణి. ఈ ముక్క ఇప్పుడు చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. అప్పట్లో కూడా నవ్వారు గానీ, నాకు ముక్కు మీద కోపమని కాలేజీ అంతటికీ తెలుసు కనక కాస్త దూరం జరిగి నవ్వేవారు.

అసలు ఈ సంపాదకత్వం నాకు అసూయ వల్ల వచ్చింది. యూనివర్సిటీ వాల్తేరులో ఉండేది, మా కాలేజీ దానికి అనుబంధం. అక్కడ ఎమ్మే విద్యార్థులు ఇంగ్లీషులో ఒక పరిశోధన పత్రిక వేసి, ఒక కాపీ మా లైబ్రరీకి పంపారు. దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు. మడతల దగ్గర అంటుకుని ఉన్న పేజీలు కూడా కొయ్యలేదు. నేనే చాకు తెచ్చి కోసి చదివాను. లోపల ఏముందో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అట్ట వెనకాల "సంపాదకుడు" అన్న మాట పక్కన ఎవడిదో పేరు చూడగానే నాకు కడుపు రగిలిపోయింది. వాడెవడు? నేనేం తక్కువ తిన్నాను? మర్నాడే మా ఆర్థికశాస్త్రం లెక్చరరు గారి దగ్గరికి వెళ్ళి, మనమూ ఒక పత్రిక వేద్దామన్నాను.

లెక్చరరు గారు కృష్ణా జిల్లా మనిషి, బ్రహ్మచారి. ఆయనకి వంట రాదు, సైకిలు రాదు, పరిశోధనా పద్ధతి మాత్రం క్షుణ్ణంగా వచ్చు. నా మాట వినగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వెంటనే రెండు నియమాలు పెట్టారు. ఒకటి, పత్రిక తెలుగులో ఉండాలి. రైతు గురించి రాసింది రైతు చదువుకోగలగాలి అన్నారు. రెండోది, సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లు ఎక్కడా బయటపెట్టకూడదు. అది పరిశోధకుడి ధర్మం అన్నారు. ఈ రెండూ విడివిడిగా చాలా మంచి నియమాలు. రెండూ కలిస్తే ఏం జరుగుతుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

మా మొదటి సంచికలో పెద్ద వ్యాసం నా గదిలో ఉండేవాడిదే. వాడే సహాయ సంపాదకుడు కూడా. గజపతినగరం దాటాక నాలుగు మైళ్ళు నడిస్తే వాళ్ళ ఊరు. ఆ ఊరి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. మహా బిడియస్థుడు. బజార్లో తెలిసినవాళ్ళు ఎదురుపడితే పలకరించాల్సి వస్తుందని పక్క సందులోకి తిరిగిపోయేవాడు. అలాంటివాడు వేసవి సెలవుల్లో ప్రశ్నల కాగితాలు పట్టుకుని, వాళ్ళ ఊళ్ళో పన్నెండుమంది రైతుల ఇళ్ళకి వెళ్ళి, మెట్ట భూమిలో ఎవరు ఏం వేశారు, ఎంత పండింది, ఏం తిన్నారు, ఏం అమ్మారు అని రాసుకొచ్చాడు. పద్ధతి ప్రకారం పేర్లు తీసేసి రైతు 1, రైతు 2 అని పన్నెండు దాకా అంకెలు వేశాడు. ఎవరిని ముందు కలిస్తే వాళ్ళకి ముందు అంకె. ఇంతకంటే అమాయకమైన పని లోకంలో ఇంకోటి ఉండదని మేం అనుకున్నాం.

ఆ ఊళ్ళోనే వాడి మేనమామ ఉన్నాడు. ఆ మామకి ఒక కూతురు ఉంది. ఆ పిల్ల వీడికేనని ఇద్దరి చిన్నప్పుడే పెద్దవాళ్ళు అనుకున్నారు. పెద్దవాళ్ళు అనుకోవడం అటుంచి, మావాడికి ఆ పిల్లంటే ప్రాణం. ఈ సంగతి వాడు నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పన్నెండుమంది రైతుల్లో పదకొండుమందిని ఒక్కొక్కసారే కలిసినవాడు, మామ ఇంటికి మాత్రం "వివరాలు చాలలేదు" అంటూ మూడుసార్లు వెళ్ళొచ్చాడు.

పత్రిక అచ్చు వేయించడం ఒక పెద్ద కథ. మేం వెళ్ళిన ప్రెస్సు వాళ్ళు అప్పటిదాకా శుభలేఖలు, సినిమా కరపత్రాలు తప్ప వేసి ఎరగరు. మావాడికి అధోజ్ఞాపికల పిచ్చి. వాక్యం ముగిసేలోపల ఒక నక్షత్రం గుర్తు పెట్టి, పేజీ అడుగున దాని సంజాయిషీ రాస్తాడు. ఒక పేజీలో వ్యాసం రెండు లైన్లు, మిగతాదంతా అడుగున సంజాయిషీలే. మూడోరోజు కంపోజిటరు నా దగ్గరికొచ్చి, "బావూ, మాకాడ ఉన్న సుక్కలన్నీ అయిపోనాయి. ఇంకా కావాలంటే ఎదర పేజీ విప్పీసి తియ్యాల. ఈ బాబు ఇన్ని సుక్కలు పెడితే మేం ఎలగ బతకాల?" అన్నాడు. నేను మండిపడి, ఇది శుభలేఖ కాదు, శాస్త్రం అన్నాను. ఆ మాటకి అతను నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. చివరికి చుక్కలు అయిపోయిన చోట పూలగుత్తి బొమ్మలు పెట్టాడు. శుభలేఖల మూలల్లో వేసేవి. మా పరిశోధన పత్రిక అలా కాస్త పెళ్ళికళతోనే బయటికొచ్చింది.

శ్రావణమాసంలో సంచిక చేతికొచ్చింది. మావాడు ఇరవై కాపీలు సంచీలో వేసుకుని శనివారం ఊరికి వెళ్ళాడు. లెక్చరరు గారి ఆజ్ఞ కదా, రైతుకి వినిపించాలి. బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి వ్యాసం మొత్తం చదివాడట. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఒరే, ఏటయింది? నచ్చిందా వాళ్ళకి?" అన్నాను.

"ముందు పేర్లేవిరా అన్నారు. పేరు నేకుండా అచ్చేసినావేటి, మేవేటి దొంగలమా అన్నారు."

"పద్ధతి అని చెప్పలేకపోయావా?"

"సెప్పేను. అప్పుడు ఎవరు ఎవరో వాళ్ళే కనిపెట్టీసినారు. రైతు 4 కి ఒంటికన్ను ఎద్దు ఉన్నాదని రాసేం కదా? ఊళ్ళో ఒంటికన్ను ఎద్దు ఒకటేరా."

"కనిపెడితే కనిపెట్టారు. అందులో ఏముంది?"

వాడు లేచి కూర్చున్నాడు. "ఒకటో నంబరు ఎవరిదో తెలుసా?" అన్నాడు.

వాళ్ళ ఊళ్ళోకి వెళ్ళే దారిలో ఒక తూము ఉంది. ఆ తూము గట్టు మీద ఒకాయన పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని ఉంటాడు. అర ఎకరం కౌలు ఉంది గానీ, ఆయన అసలు వృత్తి కూర్చోవడమే. ఊళ్ళోకి అడుగుపెట్టిన పరిశోధకుడికి మొదట తగిలినవాడు ఆయనే కనక ఆయనే రైతు 1. ఇక మామ సంగతి. ఊళ్ళో ఏ శుభకార్యం జరిగినా మొదటి తాంబూలం మామ ఇంటిది. ఆ ఊరికి పెద్ద ఆయనే. ఆయనకి వచ్చిన అంకె ఏడు. ఎందుకంటే, మామ ఇంటి అరుగెక్కాలంటే మావాడికి బెరుకు పుట్టి, ముందు ఆరుగురి మీద సాధన చేసి ధైర్యం కూడదీసుకున్నాడు.

ఆ రోజు వరండాలో మామ కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అసలు మంట తరవాత వారం పుట్టింది. ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. తాంబూలాల పళ్ళెం తెచ్చారు. అలవాటు ప్రకారం మామ చెయ్యి చాచేలోపల, తూము గట్టు ఆయన మా పత్రిక మొలలోంచి తీసి, విప్పి, పందిట్లో అందరికీ చూపించి, "మొదటి తాంబూలం ఇటు తే. అచ్చులో ఒకటో నంబరు నాదే," అన్నాడు. ఆయన నవ్వులాటకే అన్నాడని కొందరు, నిజంగానే అన్నాడని కొందరు చెప్పుకున్నారు. పందిరంతా ఘొల్లుమంది. మామ తాంబూలం పుచ్చుకోకుండా, భోజనం చెయ్యకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన పొద్దున్న పాసింజరులో విజయనగరం దిగి, తిన్నగా కాలేజీకి వచ్చాడు. తెల్లటి పంచె, తెల్లటి మీసం, మనిషి నిలువెత్తుగా ఉన్నాడు. మా పత్రికని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. లెక్చరరు గారి గదిలో నేను, మావాడు నిలబడి ఉన్నాం. ఆయన మూట విప్పి, పత్రిక బల్ల మీద పడేశాడు.

"ఇక్కడ ఎడిటరెవుడు?"

అంతవరకూ ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని నేను కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. తీరా అడిగేసరికి, బడిపిల్లాడిలా చెయ్యెత్తాను.

"ఆ తూము మీద కూసునీవోడు ఒకటా? నాను ఏడా? మా తాత నాటి నుంచీ మొదటి తాంబూలం మా ఇంటికి వస్తన్నాది. ఇప్పుడు నిన్నటి గుంటడు ఒకడు కాయితం మీద రాసీసి నన్ను ఏడోవోణ్ణి సేసీసినాడు. ఇదేటి సదువయ్యా?"

లెక్చరరు గారు చాలా మర్యాదగా కుర్చీ చూపించారు. "ఈ అంకెలకి అర్థం ఏమీ లేదండీ. గుర్తు కోసం వేసినవి," అన్నారు.

"అర్థం నేదా?"

"లేదండీ."

"అయితే మీ కాలేజీలో ఒకటోవోడిగా పాసైనోడికీ ఏడోవోడిగా పాసైనోడికీ ఒకటే బహుమతి ఇస్తారేటి?"

లెక్చరరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది వేరండీ," అన్నారు.

"ఎలగ వేరు? సెప్పు బావూ, వింటాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశారు. ఇన్నేళ్ళయింది, నాకు ఇప్పటికీ జవాబు తట్టలేదు. మావాడు ధైర్యం చేసి, "మావా, నీకాడికి రావాలంటే భయమేసింది. అందుకే ముందు వేరేవోళ్ళకాడికి ఎల్లేను," అన్నాడు.

"అందరి అరుగులూ ఎక్కడానికి నేని భయం నా అరుగెక్కడానికి ఏటిరా?" అని మామ వాడి వైపు తిరిగాడు. అసలు కారణం ఆయన కూతురే. "సరే. ఇంక ఏడోవోడి కూతురు నీకెందలకి? ఒకటోవోడికి ఇద్దరు కూతుర్లున్నారు, ఎల్లి సేసుకో. ఈ సంబంధం నేదు," అనేసి, కండువా దులుపుకుని గుమ్మం దాటాడు. పత్రిక మాత్రం మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని తీసుకెళ్ళాడు.

మావాడు ఆ రోజు నుంచి మెస్సులో అన్నం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీసేవాడు. నాకు జాలి వేసింది, నిజమే. కానీ దాచడం ఎందుకు, దానికంటే ముందు నాకు నా పత్రిక పరువు మీద దిగులు పట్టుకుంది. మొదటి సంచికతోనే ఒక పెళ్ళి చెడగొట్టిన పరిశోధన పత్రిక అని పేరొస్తే రెండో సంచికకి వ్యాసం ఎవడిస్తాడు?

సంపాదకవర్గం అత్యవసర సమావేశం పెట్టాం. వర్గం అంటే మేం ముగ్గురమే. తప్పొప్పుల చీటీ ఒకటి అచ్చు వేయిద్దామన్నాను నేను. "రైతు 1 అని ఉన్నచోట రైతు 7 అనియు, రైతు 7 అని ఉన్నచోట రైతు 1 అనియు చదువుకొనవలెను." నా తెలివికి నేనే మురిసిపోయాను. మావాడు ఆ చీటీ చేతిరాతతో రాసుకుని శనివారం ఊరికి పట్టుకెళ్ళాడు. దాంతో అప్పటిదాకా నిద్రపోతున్న రెండో రైతు నుంచి ఆరో రైతు వరకూ లేచి కూర్చున్నారు. అంకెలు మార్చేమాటైతే మమ్మల్నీ మార్చమన్నారు. అయిదో రైతు వరసకి మామకి అన్నగారట, ఆయన ఆ మాట అప్పుడు తీశాడు. తూము గట్టు ఆయన అయితే గట్టు మీంచి కదలకుండానే, "అచ్చులో పడ్డాక ఎలగ మారస్తారు? రైలు టిక్కట్టు మీద నంబరు మారుస్తారేటి?" అన్నాడట.

అంకెలు వద్దు, అక్షరాలు పెడదామన్నారు లెక్చరరు గారు. రైతు అ, రైతు ఆ. ఆ అక్షరాలు ఆ ఊరి పిల్లలు కూడా వరసగా చెబుతారని నేను గుర్తు చేశాను. పోనీ చెట్ల పేర్లు పెడదామన్నారు. మామిడి రైతు, చింత రైతు, వేప రైతు. చెట్లలో పెద్దాచిన్నా లేదు కదా అన్నారు.

"తుమ్మ రైతు ఎవరండీ?" అన్నాడు మావాడు నీరసంగా.

ఆ సమావేశం అక్కడితో ముగిసింది.

నాలుగో రోజు లెక్చరరు గారు హాస్టలుకి పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన పరిగెత్తడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. "మనం మరిచిపోయిన నియమం ఒకటి ఉందయ్యా. పరిశోధన పత్రికలో వ్యాసం మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే, వాళ్ళు జవాబు రాయవచ్చు. మనం దాన్ని అచ్చు వేసి తీరాలి," అన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళి చెడి ఒకడు ఏడుస్తుంటే ఈయనకి నియమాలు. కానీ వేరే దారి లేదు కనక, ఆయన రాసిన ఉత్తరం పట్టుకుని నేను, మావాడు బయల్దేరాం.

మామ ఇంటి అరుగు మీద నులకమంచం వేసి ఉంది. ఆయన కూర్చోమనలేదు, పొమ్మనలేదు. లోపల తలుపు వెనకాల గాజుల చప్పుడైంది. మావాడు వెంటనే ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు. మాట్లాడటం నా వంతయింది.

"మీ అభ్యంతరం మొత్తం రాసివ్వండి. ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా అచ్చు వేస్తాం," అన్నాను.

"ఎక్కడ ఏస్తారు?"

"మొదటి పేజీలో."

ఆయన మీసం కాస్త కదిలింది. "నా ముందల ఇంకెవుడూ ఉండకూడదు."

"ఉండరు. కానీ ఒక్క షరతు. పత్రిక నియమం అది. రాసిందంతా నిజమై ఉండాలి."

"నాను అబద్ధం ఆడతానేటి?" అని కసురుకుని, తలుపు వైపు చూసి, "సరే. నాను సెప్తాను, మా గుంట రాస్తాది. దానికి ఎస్సెల్సీ దాకా సెప్పించేను," అన్నాడు.

"మరి సంబంధం సంగతి మావా?" అన్నాడు మావాడు, ఇంకా ఆకాశంలోకే చూస్తూ.

"అచ్చయినాక సూద్దాం."

కార్తీకమాసంలో ఆ జవాబు టపాలో వచ్చింది. తొమ్మిది పేజీలు. ముత్యాల్లాంటి అక్షరాలు. బళ్ళో వ్యాసాలు రాసే తెలుగులో ఉంది. నేను నవ్వుకోవడానికి సిద్ధపడి మొదలుపెట్టాను. రెండో పేజీ దగ్గర నవ్వు మానేశాను. నంబర్ల గొడవ మొదటి పేజీలోనే అయిపోయింది. మిగతాదంతా మావాడి పరిశోధనని పీకి పందిరి వెయ్యడమే.

"రైతు 2 తన మెట్టలో చోళ్ళు, అనగా రాగులు, నాలుగు బస్తాలు పండినవని చెప్పెను. ఎనిమిది పండినవి. కాగితము, కలము పట్టుకొని వచ్చినవాడు శిస్తు పెంచుటకే వచ్చునని అతని నమ్మకము. రైతు 9 గోగు వేయలేదనెను. అతడు నారకై నానబెట్టిన గోగు వాసన ఊరందరికిని తెలియును. రైతు 1 చెప్పినదంతయు నిజము. దాచుకొనుటకు అతని వద్ద ఏమియు లేదు."

అలా ఒక్కొక్కరినీ పట్టుకుని, మామ కాక మిగతా పదకొండుమందిలో పదిమంది అబద్ధం చెప్పారని తేల్చింది ఆ జవాబు. మా వ్యాసంలో నక్షత్రాలు, పూలగుత్తులు తప్ప మిగిలినదేమీ లేదు. ఇక తనదాకా వచ్చేసరికి మామ తప్పించుకోలేదు. నిజమే రాయాలన్న షరతు ఆయన్ని ఎంత బాధపెట్టిందో నాకు ఆ వాక్యాల్లో కనిపించింది.

"రైతు 7 తనకు వేరుసెనగ ఇరువది బస్తాలు పండినదని చెప్పెను. పదకొండే పండినది. అడిగినవాడు తన పిల్లను చేసుకొనబోవువాడు గనుక, తక్కువ చెప్పుటకు అతనికి మనసొప్పలేదు."

ఇది చదివి నేను కాగితం కింద పెట్టాను. ఆ మనిషి మీద నాకున్న కోపమంతా పోయింది. తరవాత ఆఖరి పేరా చదివాను. అది మామ చెప్పింది కాదని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది.

"రైతు 7 ఇంట మరియొక మనిషి కలదు. కలుపు తీయుట, కాయలు ఒలుచుట, బస్తాలు లెక్కించుట ఆ మనిషి పని. ఎన్ని పండినవో ఆ మనిషికి సరిగా తెలియును. వ్యాసకర్త ఆ ఇంటికి మూడుమార్లు వచ్చి, మూడుమార్లు మజ్జిగ త్రాగి, ఆ మనిషిని ఒక్క ప్రశ్నయు అడుగలేదు. అడిగినచో చెప్పెడిది. ఇప్పటికిని అడుగలేదు."

మావాణ్ణి పిలిచి చేతికిచ్చాను. నాలుగుసార్లు చదివాడు. కుర్చీ ఉండగా నేల మీద కూర్చున్నాడు.

"ఇది మీ మామకి తెలీకుండా కలిపింది. అచ్చేస్తే ఊరంతా వింటుంది. కొట్టేద్దామా?" అన్నాను.

"ఒక్క అచ్చరం కొట్టనని మాటిచ్చినావు."

"ఆ పిల్ల తిట్లు తింటుందిరా. నీ పెళ్ళి అసలుకే పోతుంది."

వాడు బజార్లో మనుషుల్ని చూసి సందుల్లోకి దూరే మనిషి. "అది అంత ధైర్యం సేసి రాసింది. నాను కొట్టిస్తే మనిషినేటి? అచ్చెయ్," అన్నాడు. వాడి గొంతు అంత గట్టిగా ఉండటం నేను అంతకుముందు వినలేదు.

లెక్చరరు గారు ఆఖరి పేరా చదివి ఎగిరి గంతేశారు. "చూశావా? పన్నెండుమంది మగాళ్ళని అడిగాం. ఒక్క ఆడమనిషిని అడగలేదు! ఇంత పెద్ద లోపం మనకి ఎలా కనపడలేదయ్యా? ఈ విమర్శ చెప్పిన పెద్దాయన గొప్ప పద్ధతి తెలిసినవాడు," అన్నారు. అందులో ఇంకేమైనా కనపడిందా అని అడిగాను. మళ్ళీ చదివారు. మజ్జిగ ప్రస్తావన శాస్త్రీయంగా అనవసరమేమో అన్నారు. పాపం బ్రహ్మచారి, ఇంక నేను రెట్టించలేదు.

మార్గశిరంలో రెండో సంచిక వచ్చింది. మొదటి పేజీలోనే మామ జవాబు. ఈసారి నేనూ ఊరికి వెళ్ళాను. సంపాదకుడి బాధ్యత అన్నాను గానీ, నిజానికి ఏం జరుగుతుందో చూడకుండా ఉండలేకపోయాను. మామ అరుగు మీదే చదవాలన్నాడు. రైతులు పన్నెండుమందీ వచ్చారు. మావాడు నిలబడి చదివాడు. తొమ్మిదో రైతు గోగు దగ్గరికి వచ్చేసరికి జనం పడీపడీ నవ్వారు. తూము గట్టు ఆయన, తను ఒక్కడే నిజం చెప్పినట్టు అచ్చులో పడిందని చుట్టూ చూశాడు. ఏడో రైతు పదకొండు బస్తాల దగ్గర ఎవరూ నవ్వలేదు. రెండో రైతు మాత్రం మెల్లిగా, "నాకైతే పెళ్ళీడు కూతుర్నేదు గానీ, ఉంటే నానూ ఎక్కువే సెప్పీవోణ్ణి," అన్నాడు.

అప్పుడు ఆఖరి పేరా వచ్చింది. మావాడు పత్రిక ముఖానికి అడ్డంగా పెట్టుకున్నాడు. అయినా ఒక్క ముక్క మింగకుండా, "ఇప్పటికిని అడుగలేదు" దాకా చదివేశాడు.

మామ తలుపు వైపు చూశాడు. "ఒసే, ఇది నాను సెప్పనేదు."

లోపలి నుంచి జవాబొచ్చింది. "నానే రాసేను నాన్నా. నిజవే రాయాలన్నారు కదా."

మామ లేచి నిలబడ్డాడు. మావాణ్ణి కొడతాడనుకున్నాను. వాడూ అలాగే అనుకున్నట్టున్నాడు, కళ్ళు మూసుకున్నాడు.

"ఏటిరా, మూడుసార్లు మజ్జిగ తాగీసి అడగనేదేటి?"

"భయమేసింది మావా."

"మరిప్పుడో?"

"ఇప్పుడూ ఏస్తన్నాది."

"అయినా అడుగు. మా అందరెదరా అడుగు. ఎలగ అడుగుతావో సూస్తాను. ఒసే, నువ్వు బయటికి రా."

ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులకి వేరుసెనగ మట్టి ఉంది. తల మాత్రం దించుకోలేదు. మావాడు చొక్కా జేబు తడుముకుని, మడత పెట్టిన ప్రశ్నల కాగితం తీశాడు. నేను తల పట్టుకున్నాను. అడగమన్న ప్రశ్న అది కాదురా అని అరవాలనిపించింది. వాడు కాగితం విప్పి, పెన్సిలు పట్టుకుని, మొదటి ప్రశ్న ఉన్నదున్నట్టు చదివాడు.

"మీ కుటుంబంలో మొత్తం ఎంతమంది?"

జనం నవ్వబోయి ఆగారు. ఆ అమ్మాయి వాడి ముఖంలోకి చూసి, బస్తాలు లెక్క చెప్పేంత స్పష్టంగా చెప్పింది.

"ఇప్పటికైతే అమ్మ, నాన్న, నానమ్మ, నాను, నలుగురం. మాఘవాసం ఎల్లీసరికి ముగ్గురే ఉంటారు."

వాడు పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏడు అన్నందుకు నాలుగు నెలలు నిప్పులు కక్కిన ఆ పెద్దమనిషి, మూడు అన్న అంకె విని మంచం మీద కూలబడ్డాడు. కండువా తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, మావాడి మోచెయ్యి పట్టి కుదిపాడు.

"సెప్తన్నాది కదరా, రాసుకో."